మా ఆదివారం కూర

ఆదివారం మీ ఇంట్లో ఏం కూర అని సోమవారం బళ్లో అడిగేవాళ్లు. మూడో తరగతిలో నా పక్కన కూచునే ఊరిపిల్ల మొదటిసారి అడిగినప్పుడు నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల పలకా బలపం తీసుకుని అవతలి వరసలోకి పోయింది. మర్నాడు వాళ్లమ్మ బడికొచ్చి, మా పాపని వేరేచోట కూచోబెట్టండి అయ్యవారూ అని చెప్పిపోయింది. అయ్యవారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. నా గోనెపట్ట తీసి గోడవార వేశాడు, అంతే. ఆ రోజు నుంచి ఎవరడిగినా మా ఇంట్లో పప్పే.

ఇప్పుడు నేనూ సర్కారు బడి టీచర్ని. మా ఇంటా వంటా డిగ్రీ చదివిన మొదటి మనిషిని. పోయినేడు ఒక శనివారం పాఠం తొందరగా అయిపోయింది. పది నిమిషాలు మిగిలితే నాలుగో తరగతి పిల్లల్ని ‘నాకు ఇష్టమైన కూర’ గురించి అయిదు వాక్యాలు రాయమన్నాను. పెద్దగా ఆలోచించి ఇచ్చిన పని కాదు. పుస్తకాలు దిద్దుతుంటే ఒక పిల్లోడి పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. పైన ‘చికెన్’ అని ఉంది. దాని కింద రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం పలచబడిపోయింది. చెరిపినా పెన్సిలు గాటు పోలేదు. ఆ గాటు చదవడం నాకేం కష్టం కాలేదు. ఆ పిల్లోడు మా పాళెంలాంటి పాళెం నుంచే వస్తాడు. ఆ పేజీకి రైటు కొట్టలేకపోయాను, తప్పూ కొట్టలేకపోయాను. పుస్తకాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. వాడు ఏం చెరిపాడో చెప్పాలంటే మా కుండ సంగతి చెప్పాలి.

నెల్లూరు జిల్లాలో బకింగ్‌హామ్ కాలువకీ సముద్రానికీ నడుమ ఇసక నేల మాది. సరుగుడు తోటలు, ఉప్పు కయ్యలు, తర్వాత తర్వాత రొయ్యల గుంటలు. ఊరు మెరక మీద, మా మాదిగపాళెం పల్లంలో. నాయన ముందు పెద్దకాపు ఇంట్లో జీతం ఉండేవాడు, ఆ భూములు గుంటలయ్యాక వాటికే రాత్రి కాపలా. అమ్మ నాట్లకీ కలుపులకీ పోయేది. వారం మొత్తంలో మేం అయిదుగురం ఒక్కసారి కూచుని తిన్న పూట ఉండేది కాదు. ఒకళ్లు వచ్చేసరికి ఇంకొకళ్లు పోతుండేవాళ్లు. కలిసి తినేది ఆదివారం రాత్రి ఒక్కటే. అది పెద్దకూర రాత్రి.

తెల్లారుజామున పాళెం చివర చింతచెట్టు కింద కోసేవాళ్లు. తాటాకుల మీద పోగులు పెట్టేవాళ్లు. డబ్బున్నోళ్లు డబ్బిచ్చేవాళ్లు, లేనోళ్లు వచ్చేవారం ఇస్తామనేవాళ్లు. మాకు దొరికేది లేత మాంసం కాదు. అరక దున్నీ బండి లాగీ ఇంక లేవలేననే ఎద్దో, ఒట్టిపోయిన బర్రెనో. “పదేళ్లు కాడి మోసిన ఎద్దు మే అది, గంటలో ఉడకమంటే ఉడుకుద్దా?” అనేది అవ్వ. అందుకే మా వంట నిదానం వంట. అది రుచి కోసం పట్టిన పద్ధతి కాదు, బీదరికం నేర్పిన పద్ధతి. రుచి దాని వెనకాలే వచ్చింది.

అవ్వ కుండలో మాంసం, పసుపు, కల్లుప్పు వేసి ముందు దాని నీళ్లలోనే దాన్ని ఉడకనిచ్చేది. ఆ నీళ్లు ఇంకినాక ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, నూరిన మిరపకాయలు, ధనియాలు. ఆ పైన నీళ్లు. కుండ మీద మూకుడు పెట్టి ఆ మూకుట్లో కూడా నీళ్లు పోసేది. కూరకి నీళ్లు కావాలంటే చన్నీళ్లు పొయ్యకూడదు, మూకుట్లో కాగిన నీళ్లే పొయ్యాలి. సరుగుడు కట్టె మంట తగ్గించి, నిప్పులు చుట్టూ ఎగదోసి గుడికి పోయేవాళ్లం. మా పాళెంలో గుడి అంటే బాప్టిస్టు చర్చి. వచ్చి చూసినా ముక్క ఉడికేది కాదు. మళ్లీ నాలుగు పుల్లలు పెట్టేది. పొద్దుగూకే సరికి బొమిక నుంచి కండ దానంతటది జారేది. గోంగూర కాలంలో గోంగూర, చింతచిగురు కాలంలో చింతచిగురు చివర్న పడేది. నాయన కాపలాకి పోయేముందు అందరం కుండ చుట్టూ కూచునేవాళ్లం. ఆ ఒక్క పూట మా నాయన ఎవరి మీదా అరిచేవాడు కాదు.

ఆ సన్నసెగ ఏం చేస్తుందో నేను చదువుకున్నాకే తెలిసింది. బాగా పని చేసిన కండరాల్లో కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఎక్కువ. పెద్ద మంట మీద గబగబా ఉడికిస్తే ముక్క బిర్రబిగుసుకుంటుంది. సన్నగా గంటల తరబడి ఉడికిస్తే ఆ కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. ముక్క మెత్తబడుతుంది, పులుసు చిక్కబడుతుంది. మా అవ్వకి ఈ రెండు మాటలూ తెలీవు. పని తెలుసు.

ఇంకోమాట కూడా అవ్వ గట్టిగా చెప్పేది. “మనం కోసిందే కొనుక్కుని తింటాం మే. చచ్చింది తినం. మా తాతల నాడే మానేసినాం.” దీని వెనక పెద్ద కథే ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు 1840లో నెల్లూరులో అడుగుపెట్టారు. 1866లో క్లౌ దొర ఒంగోలు పోయాక మాదిగలు వేలకొద్దీ ఆ మతంలో కలిశారు. కలిసేవాళ్లకి అప్పట్లో పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు, చచ్చిన గొడ్డుని తినొద్దు. మూడో షరతు చూడ్డానికి తిండి గురించినట్టే ఉంటుంది గానీ అది వెట్టి గురించి. ఊళ్లో గొడ్డు చస్తే లాక్కుపోవాల్సింది మాదిగోడు, దాని తోలు తీసి చెప్పులు కుట్టాల్సిందీ వాడే, కూలి కింద ఆ మాంసం. తిననన్నవాడు లాగనని కూడా అంటాడు. 1927లో మహద్‌లో అంబేద్కర్ కూడా మనవాళ్లని చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని అడిగాడు. ఇద్దరూ చెప్పింది చచ్చిన గొడ్డు సంగతి. ఊరు పారేసింది తినడం వేరు, మా కూలి డబ్బుతో పోగు కొనుక్కుని తినడం వేరు. ఈ తేడా అవ్వకి స్పష్టంగా తెలుసు. చదువుకున్న నేనే ఆ రెంటినీ కలిపేసుకుని సిగ్గుపడ్డాను.

ఆ సిగ్గు నాకు తరగతికి ఇంత చొప్పున పెరిగింది. సంక్షేమ హాస్టల్లో ఉన్నప్పుడు ఇంటి నుంచి అమ్మ ఒట్టితునకలు వేయించి డబ్బాలో పంపేది. మా రూములో అందరం మనవాళ్లమే, అయినా రాత్రి లైటు తీశాకే డబ్బా మూత తీసేవాళ్లం. డిగ్రీలో స్నేహితురాళ్లు ఇంటికొస్తామంటే ఆదివారం తప్ప ఎప్పుడైనా రండి అనేదాన్ని. 2012 ఏప్రిల్లో ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు నేను టీచరు ట్రైనింగులో ఉన్నాను. అక్కడ దాడి జరిగిందని పేపర్లో వచ్చింది. చదివాను, మడిచాను, దిండు కింద పెట్టాను. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే నేనెవరో తెలుస్తుందని.

ఉద్యోగం వచ్చి నెల్లూరు టౌన్లో ఇల్లు వెతుక్కునేటప్పుడు “మీరేమిట్లు?” అన్న ప్రశ్నకి “క్రిస్టియన్స్ అండీ” అని నేర్చుకున్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. దొరికింది మేడ మీద పోర్షను, కింద ఇంటివాళ్లు. నాన్‌వెజ్ వండుకోవచ్చన్నారు, ‘అదొక్కటి తప్ప’ అన్నారు. అది ఏదో వాళ్లూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఆయన ఆర్టీసీ కండక్టరు. నెలకో రెణ్ణెల్లకో డ్యూటీ దిగి వస్తూ పెద్దకూర నల్ల కవర్లో, దాని పైన ఇంకో కవర్లో చుట్టి, పైన తోటకూర కట్ట పెట్టి తెచ్చేవాడు. కిటికీలు మూసి, ఊదొత్తులు ముట్టించి, ప్రెషర్ కుక్కర్లో ఎనిమిది విజిల్స్. అరగంటలో పని అయిపోవాలి, వాసన బయట పడకూడదు. తినేటప్పుడు కూడా ఎవరో తరుముకొస్తున్నట్టు తినేవాళ్లం. మా పాపకి ఎనిమిదేళ్లు. ఎవరైనా అడిగితే చికెన్ అని చెప్పమ్మా అని నేనే నేర్పాను. అంటే, గోనెపట్ట తీసి గోడవార వేసిన అయ్యవారి పని నా ఇంట్లో నేనే చేశాను.

ఆ నోటుపుస్తకం ఇంటికి తెచ్చిన శనివారం మా చిన్నమ్మ వచ్చి ఉంది. పదకొండేళ్లు కువైట్లో ఖద్దామా వీసా మీద ఇళ్లల్లో వంట చేసి తిరిగొచ్చింది. మా తీరంలో అట్టా పోయిన ఆడోళ్లు ప్రతి పాళెంలో ఉన్నారు. ఆమె సామాన్లలో ఒక కరెంటు కుండ ఉంది. స్లో కుక్కర్ అంటారు. పింగాణీ గిన్నె, గాజు మూత, ఒక మీట. పొద్దున పెడితే సాయంత్రానికి ఉడుకుతుంది. “మీయమ్మ నిప్పుల మీద పెట్టే కుండే మే ఇది. కరెంటు తగిలించి పేరు మార్చినారు,” అంది. దాంట్లో తను అక్కడ వారం వారం చేసిన కూర మాకు చేసి పెడతానంది. బీఫ్ స్ట్రాగనాఫ్. ఆమె నోట్లో అది ‘ఇస్ట్రాగనాపు’.

ఆదివారం పొద్దున మా ఆయన మాంసం తెచ్చాడు. చిన్నమ్మ ముక్కల్ని కొంచెం నూనెలో ఎర్రగా వేయించి కుండలో వేసింది. సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, మార్కెట్లో దొరికే పుట్టగొడుగులు, మిరియాలు, మునిగీ మునగనట్టు వేణ్ణీళ్లు. మీట సన్నసెగకి తిప్పింది. “ఎనిమిది గంటలు. మూత తియ్యబాకండి, తీసినప్పుడల్లా వేడి పోద్ది.” ఆఖర్న పుల్లటి మీగడ కలపాలంట. మనకి అది లేదు కాబట్టి గుడ్డలో కట్టి నీళ్లు తీసిన పెరుగు. అది కూడా మీట ఆపినాకే కలపాలి, ఉడికేటప్పుడు వేస్తే విరిగిపోద్ది. వాళ్లు నూడుల్స్‌తో తింటారు, మనం అన్నంతో తిందాం అంది. అమ్మ పక్కనే కూచుని అంతా చూసి, చిన్నమ్మ అటు తిరగ్గానే ఒక చెంచాడు కారం వేసింది.

నేను అలవాటుగా కిటికీలు మూస్తున్నాను. చిన్నమ్మ నా వైపు చూసి నవ్వింది.

“ఆడ మామా ఈ కూరని బల్ల మీద పెట్టి ఇంటిల్లిపాదినీ పిలిచేది. చుట్టాలకి గొప్పగా చెప్పేది. ఈడ నువ్వు గవర్నమెంటు టీచరయ్యి, దొంగసారా కాసినట్టు వండతుండావు గదే.”

అక్కడేదో స్వర్గం ఉందని ఆమె చెప్పలేదు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే, పడక స్టోర్‌రూములో, తిండి అందరూ తిన్నాక. అక్కడ కూరకి మర్యాద ఉంది, వండిన మనిషికి లేదు. ఇక్కడ రెంటికీ లేదు.

ఆ మధ్యాహ్నం కూర ఉడుకుతుంటే ఫోన్లో ఆ పేరేమిటో చూశాను. స్ట్రాగనాఫ్ అన్నది రష్యాలో ఒక జమీందారీ వంశం పేరు. 1871లో అచ్చయిన రష్యన్ వంటల పుస్తకంలోనే ఈ కూర ఉంది. ఇప్పుడు అమెరికాలో చలిరాత్రి పిల్లాపాపలతో తినే కమ్మటి ఇంటికూర. ఇంకొకటి కూడా చూశాను. బ్రెజిల్ దేశం గొడ్డుమాంసం ఎగుమతిలో ముందు వరసలో ఉంది. అక్కడ మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగం మన ఒంగోలు జాతి సంతతి. ఆ జాతిని వాళ్లు పిలిచే పేరు ‘నెలోర్’. మా జిల్లా పేరే. మా జిల్లా పేరు పెట్టుకున్న మాంసాన్ని ప్రపంచం బల్ల మీద పెట్టుకుని తింటుంటే, నెల్లూరులో నేను కిటికీ మూస్తున్నాను. లేచి కిటికీలు తెరిచాను. ధైర్యం వచ్చి కాదు, ఉక్క పోస్తోంది. ఎనిమిది గంటలు మూసిపెట్టుకుని బతకలేం.

కుక్కరు వాసన అరగంటలో దాచేయొచ్చు. సన్నసెగ వాసన దాగదు. సాయంత్రం ఆరింటికి కింద ఇంటామె మెట్లెక్కి వచ్చింది. “ఏం టీచర్‌గారూ, మధ్యాన్నం నుంచీ ఒకటే కమ్మటి వాసన. మటనా?”

ఔననడానికి నోరు తెరిచాను. మా పాప అన్నం పళ్లెం పట్టుకుని నా మొహం వంకే చూస్తోంది. అవతల కుర్చీ మీద నా సంచి, అందులో ఆ చెరిపిన పుస్తకం.

“కాదండీ. పెద్దకూర.”

ఆమె ఇంకేమీ అనలేదు. దిగిపోయింది. ఆ రాత్రి ఆరుగురం కింద చాప వేసుకుని తిన్నాం. మా పాప రెండుసార్లు పెట్టించుకుంది. కూర మా అవ్వ కూరలా లేదు, కొంచెం తియ్యగా, పెరుగు పులుపుతో ఉంది. కానీ ముక్క అట్టాగే జారింది. తొందర లేకుండా తిన్నాం. నాకు నాయన గుర్తొచ్చాడు.

పది రోజులకి ఇంటాయన వచ్చి, మా అబ్బాయికి పెళ్లి చేస్తున్నాం, పోర్షను కావాలి అన్నాడు. వాళ్లబ్బాయి అప్పటికి ఇంటర్ మొదటి సంవత్సరం. వాదించలేదు. కానీ చట్టం ఏమంటుందో ఆ రోజే చదివాను. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ఉంది. ఆవునీ దూడనీ కొయ్యకూడదు. పనికిరాని ఎద్దునీ, దున్ననీ, బర్రెనీ సర్టిఫికెట్టు తీసుకుని కొయ్యొచ్చు. మా ఆయన తెచ్చేది బర్రె మాంసం. నేను పదేళ్లు దాచిపెట్టింది నేరం కాదు. అయితే మనల్ని కొట్టేవాళ్లు చట్టం చదివి కొట్టరు. 2015లో దాద్రీలో ఇంట్లో ఆవు మాంసం ఉందన్న పుకారు మీద ఒక మనిషిని చంపారు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో, ఆగస్టులో మన అమలాపురంలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కట్టేసి కొట్టారు. చచ్చిన గొడ్డుని తీసే పని మన నెత్తిన పెట్టిందీ ఈ సమాజమే, తీస్తే కొట్టిందీ ఈ సమాజమే. అంబేద్కర్ 1948లో అచ్చయిన ‘ది అన్‌టచబుల్స్’ పుస్తకంలో అంటరానితనానికీ గొడ్డుమాంసానికీ ఉన్న ముడిని విప్పి చూపించాడు. ఒకప్పుడు బ్రాహ్మలు కూడా తిన్నదే అని వాళ్ల గ్రంథాల్లోంచే తీసి చూపించాడు. ఆ పుస్తకం నా దగ్గర డిగ్రీ రోజుల నుంచీ ఉంది. పరీక్షకి చదివినట్టు చదివాను, వంటింటి దాకా తెచ్చుకోలేదు.

ఇల్లు ఖాళీ చెయ్యమన్నది తర్వాతి సంగతి. ఆ ఆదివారం మర్నాడు బళ్లో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను.

ఆ పిల్లోణ్ణి పిలిచి అడగలేదు. అడిగితే నలుగురిలో వాణ్ణి నిలబెట్టినట్టవుతుంది. “నాకు ఇష్టమైన కూర నేను రాస్తాను, చూడండి” అని బోర్డు మీద అయిదు వాక్యాలు రాశాను. నాకు ఇష్టమైనది పెద్దకూర. మా అవ్వ దాన్ని కుండలో వండేది. సన్నసెగ మీద సాయంత్రం దాకా ఉడికించేది. అందరం కలిసి తినేవాళ్లం. ఆ రోజు మా నాయన నవ్వేవాడు.

వెనక నుంచి కిసకిస. ఒక పాప ముక్కు మూసుకుంది. మధ్యాహ్నం పెద్దసారు పక్కకి పిలిచి, ఎందుకొచ్చిన గొడవ టీచర్‌గారూ, పేరెంట్స్ వస్తే మీరే చెప్పుకోవాలి అన్నాడు. మంగళవారం నిజంగానే ఒకావిడ వచ్చింది. మా పాపని ఆ పిల్లల పక్కన కూచోబెట్టొద్దు అంది. ముప్పై ఏళ్లకి మళ్లీ అదే మాట. ఈసారి అయ్యవారి కుర్చీలో నేనున్నాను.

“ఎవరి కూర వాళ్లింట్లో ఉందమ్మా. ఇక్కడ బెంచీలే ఉన్నాయి. బెంచీ మార్చను,” అన్నాను. ఆమె పైకి రిపోర్టు చేస్తానని వెళ్లిపోయింది. చేసిందో లేదో తెలీదు. వారం రోజులు ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా గుండె దడదడలాడింది. ధైర్యం చేశానని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఎంత చిన్న మాటకి ఎంత భయపడ్డానో చెప్పడానికే రాస్తున్నాను. నాకు జీతం ఉంది, యూనియన్ ఉంది. అవేమీ లేని ఆ పిల్లోడి రబ్బరు ఎంత గట్టిగా రుద్దిందో మీరే అనుకోండి.

ఇంటి కోసం మూడు చోట్ల తిరిగాను. ఈసారి వాళ్లు అడక్కముందే చెప్పాను. మూడు చోట్లా కుదరలేదు. నాలుగో చోట కుదిరింది. బడికి ఇంకా దూరం, రెండు బస్సులు మారాలి. వంటింటికి పెద్ద కిటికీ ఉంది.

ఆ పిల్లోడి పుస్తకం సోమవారమే తిరిగిచ్చాను. బుధవారం మళ్లీ నా బల్ల మీదికొచ్చింది. చిరిగిన పేజీ వదిలేసి పక్క పేజీలో కొత్తగా అయిదు వాక్యాలు రాశాడు. మొదటి వాక్యం, ‘నాకు ఇష్టమైన కూర పెదకూర.’ ఎర్ర పెన్ను తీసి ‘ద’ కింద ఒత్తు ఒకటి పెట్టి, పక్కన రైటు కొట్టాను.